సీజీనాట్ ఉంటే ఊళ్ళో కెమెరాలు బయటి నుంచి చూడటం ఎలా?

ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) ఉంది. దానికి ఇంటి నెట్‌వర్క్‌లో 192.168.1.50 అని స్టాటిక్ (మారని) ఐపీ ఇచ్చి, బయటి నుంచి వచ్చేది దానికే వెళ్ళేలా రూటర్‌లో 8000 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను. ఇంటి వైఫైలో బాగానే వస్తోంది, మొబైల్ డేటాలో మాత్రం కనెక్ట్ అవ్వట్లేదు.

రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది. బయటి సైట్లలో చూస్తే వేరే ఐపీ. 100.64 నుంచి 100.127 దాకా అడ్రస్‌లు సీజీనాట్‌కి (ప్రొవైడర్ దగ్గరే జరిగే అడ్రస్ పంపకానికి) కేటాయించినవే కాబట్టి, ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచుతున్నారన్నమాట. బయటి రిక్వెస్ట్ మా రూటర్ దాకా రానప్పుడు నేనెన్ని పోర్ట్‌లు తెరిచినా దండగే కదా?

మాకంటూ విడిగా పబ్లిక్ స్టాటిక్ ఐపీకి కనెక్షన్ ఇచ్చినాయన విడిగా డబ్బు అడుగుతున్నాడు. ఐపీవీ6 (ఇలా పంచుకోవాల్సిన అవసరం లేని కొత్త రకం అడ్రస్) మాత్రం ఇంటికీ, నా మొబైల్‌కీ వస్తోంది. కానీ డీవీఆర్ పాతది, అందులో ఆ ఆప్షనే లేదు. ఖాళీగా ఉన్న రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్)లో వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టి, ఐపీవీ6 మీదుగా ఇంట్లోకి రావచ్చా? రూటర్ ఫైర్‌వాల్‌లో వైర్‌గార్డ్ వాడే యూడీపీ పోర్ట్ 51820 ఒక్కటి తెరిస్తే చాలా? ఐపీవీ6 ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) మారినప్పుడు మీరేం చేస్తున్నారు?

క్లౌడ్ యాప్ వాడమని మాత్రం చెప్పకండి ప్లీజ్. ఇంటి వీడియో ఎవరి సర్వర్‌లోనో తిరగడం నాకిష్టం లేదు.