యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్ లాంటి సినిమాలు ఇంకేమైనా ఉన్నాయా?

మొన్న ఆదివారం అమ్మానాన్నలతో కూర్చుని యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్ చూశానండి, 1997 సినిమా, జాక్ నికల్సన్‌ది. పేరుకి రొమాంటిక్ కామెడీనే గానీ నాకైతే లవ్ స్టోరీ కంటే పక్కింటి ఆర్టిస్టుతో నికల్సన్ వేసిన ఆ ముసలాడి స్నేహమే తెగ నచ్చేసింది. మొదట్లోనే ఆ ఆర్టిస్టు కుక్కపిల్లని చెత్త పడేసే గొట్టంలో పడేస్తాడు కదా, తర్వాత అదే కుక్కని తప్పక చూసుకోవాల్సొస్తే అది వెళ్ళిపోయేటప్పుడు పియానో దగ్గర కూర్చుని ఏడుస్తాడు! ఫుట్‌పాత్ మీద గీతలు తొక్కకుండా ఈయన నడుస్తుంటే కుక్క కూడా అలాగే గెంతుతుంది చూడండి, అక్కడ మా నాన్న పడీ పడీ నవ్వారు (ఆయనా గడియ పెట్టారో లేదో మూడుసార్లు చూసుకునే టైపే లెండి). హీరో హీరోయిన్లిద్దరికీ ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఏంటంటే, ఇలా అస్సలు పొసగని మనుషులు మెల్లగా ఒకరికొకరు అలవాటయ్యే సినిమాలు చెప్పగలరా, లవ్ ఉన్నా అది పక్కన ఉండాలి అంతే. తెలుగైతే ఇంకా హ్యాపీ. కేరాఫ్ కంచరపాలెం చూసేశాం, రెండుసార్లు, కాబట్టి అది వద్దు. అమ్మకి సబ్‌టైటిల్స్ చదవడం కష్టం, వేరే భాషదైతే తెలుగు డబ్బింగ్ ఉందో లేదో కూడా చెప్పండి ప్లీజ్. చివర్లో ఎవర్నో చంపేసి ఏడిపించేవి మాత్రం వద్దు, నాన్నకి ఆ రాత్రి నిద్ర పట్టదు.