'ద డే ద మ్యూజిక్ డైడ్': తెలుగులో ఏ క్రియ వాడాలి?

ప్రశ్న

ఫిబ్రవరి 3న పాటల ప్రపంచంలో జరిగిన సంగతుల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. 1959లో ఆ రోజు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో చిన్న విమానం కూలి బడీ హాలీ, రిచీ వాలెన్స్, 'బిగ్ బాపర్'గా పేరుపడ్డ జె.పి. రిచర్డ్‌సన్ చనిపోయారు. ఆ రోజుకి ఇంగ్లీషులో స్థిరపడిన పేరు 'ద డే ద మ్యూజిక్ డైడ్'. 'సంగీతం మరణించిన రోజు' అని రాసి చూసుకుంటే జీవం లేదు. 'పాట మూగబోయిన రోజు' అనవచ్చా?

జవాబు

'మూగబోయిన' చాలా బాగుందండీ. గాయకులు పోయినప్పుడు మన పత్రికలు రాసేదీ అదే కదా. 'మరణించిన' అంటే అధికారిక ప్రకటనలా ఉంది.

జవాబు

'సంగీతం' తీసేసి 'పాట' పెట్టడం నాకూ నచ్చింది. సంగీతం అనగానే మనకి ముందు కచేరీ గుర్తొస్తుంది. రెండు మూడు నిమిషాల రేడియో పాటలు పాడిన కుర్రాళ్ళకి అది నప్పదు. 'మూగబోయిన' దగ్గర మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. మూగబోయేది గొంతు, వీణ, ఇల్లు. అంటే వినిపిస్తున్నది ఆగిపోవడం. ఇంగ్లీషు మాటలో పోయింది గొంతు కాదు, పాటే. దానికీ మనిషికి లాగే ప్రాణం ఉండేదని, అది పోయిందని ఆ మాట నేరుగా చెబుతుంది. 'మూగబోయిన' ఆ దెబ్బని మెత్తగా చేసేస్తోంది.

ఇంతకీ అక్కడ 'ద మ్యూజిక్' అంటే ఏది? లోకంలోని పాటంతా కాదు, అప్పటికి కొన్నేళ్ళ వయసున్న రాక్ ఎన్ రోల్. 1957లో లిటిల్ రిచర్డ్ దైవమార్గం పట్టి ఆ పాటలు మానేశాడు. 1958లో ఎల్విస్ సైన్యంలో చేరాడు. అదే ఏడాది, పదమూడేళ్ళ బంధువుల అమ్మాయిని పెళ్ళి చేసుకున్న సంగతి బయటపడి జెర్రీ లీ లూయిస్ బ్రిటన్ యాత్ర మధ్యలోనే ఆగిపోయింది. అలా ఒక్కొక్కరే తప్పుకుంటున్న సమయంలో ఈ ముగ్గురూ ఒకే రాత్రి పోయారు. హాలీకి 22 ఏళ్ళు, వాలెన్స్‌కి 17, రిచర్డ్‌సన్‌కి 28. విమానం నడిపిన రోజర్ పీటర్సన్‌కి 21. మీ వ్యాసంలో ఆయన పేరు కూడా తప్పకుండా రాయండి. 'ముగ్గురు' అని రాసి ఆయన్ని వదిలేసే వ్యాసాలు చాలానే ఉన్నాయి, నాకు అది బాధగా ఉంటుంది.

వాళ్ళు విమానం ఎక్కడానికి కారణం చలి. 'వింటర్ డాన్స్ పార్టీ' పేరుతో ఊరూరా తిరుగుతున్న బస్సులో హీటర్ పనిచేయక, డ్రమ్మర్ కార్ల్ బంచ్ కాళ్ళు మంచుకి దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. క్లియర్ లేక్‌లోని సర్ఫ్ బాల్‌రూమ్‌లో పాడాక, తర్వాతి ఊరికి ముందుగా చేరి కాస్త విశ్రాంతి తీసుకోవచ్చని హాలీ చిన్న విమానం మాట్లాడాడు. ఫ్లూతో ఉన్న రిచర్డ్‌సన్‌కి హాలీ బృందంలో వాయించే వేలన్ జెన్నింగ్స్ తన సీటు ఇచ్చాడు. ఇంకో సీటు కోసం వాలెన్స్, అదే బృందంలోని టామీ ఆల్సప్ బొమ్మా బొరుసా వేసుకుంటే వాలెన్స్ గెలిచాడు. మేసన్ సిటీ నుంచి లేచిన విమానం కాసేపటికే మంచు పొలంలో కూలిపోయింది.

ఇక క్రియ సంగతి. అప్పట్లో ఆ రోజుని ఎవరూ ఇలా పిలవలేదు. 1971లో డాన్ మెక్లీన్ పాట 'అమెరికన్ పై' వచ్చాకే ఈ పేరు పుట్టింది. ప్రమాదం జరిగినప్పుడు మెక్లీన్‌కి 13 ఏళ్ళు, ఇళ్ళకి పేపర్లు వేసేవాడు. ఆ జ్ఞాపకం పాట మొదట్లోనే ఉంటుంది. అంటే ఇది పేపర్లేసే పిల్లవాడి నోట్లోంచి వచ్చిన మాట. వాడు 'మరణించింది' అనడు, 'అస్తమించింది' అనడు. 'కన్నుమూసింది' అనేది మనం పెద్దవాళ్ళకి మర్యాదగా వాడేది. 'చచ్చిపోయింది' అంటే తెలుగులో కాస్త మోటు, ఇంగ్లీషు 'డైడ్'లో ఆ మోటుదనం లేదు. ఇంట్లో మామూలుగా అనుకునే మాట 'చనిపోయింది'. అందుకని నా ఓటు 'పాట చనిపోయిన రోజు'కే.

జవాబు

కానీ అండీ, ఆ రోజు సాయంత్రమే మిన్నెసోటాలోని మూర్‌హెడ్‌లో వాళ్ళ తర్వాతి కార్యక్రమం ఆగకుండా జరిగింది. పక్క ఊరు ఫార్గో నుంచి బాబీ వీ అనే పదిహేనేళ్ళ కుర్రాడు స్నేహితులతో వచ్చి ఆ లోటు పూడ్చాడు, తర్వాత పెద్ద గాయకుడయ్యాడు. హాలీ బృందం పేరు 'క్రికెట్స్', అంటే కీచురాళ్ళు. ఆ పురుగు పేరు చూసే లివర్‌పూల్ కుర్రాళ్ళకి 'బీటిల్స్' అనే పేరు తట్టింది. 1964లో రోలింగ్ స్టోన్స్‌కి బ్రిటన్‌లో పేరు తెచ్చిన పాటల్లో ఒకటి హాలీదే. ఇంత జరిగాక పాట చనిపోయిందనడం న్యాయమా? ఆగి మళ్ళీ మొదలైంది కాబట్టి 'మూగబోయిన' మాటే నిజానికి దగ్గర కాదా?

జవాబు

మీరు చెప్పిన సంగతులన్నీ నిజమే. అయితే పేరు పెట్టినవాడు చరిత్ర తీర్పు చెప్పడం లేదు, ఆ పొద్దున తనకి ఏమనిపించిందో చెబుతున్నాడు. ఇంట్లో మనిషి పోయినప్పుడు 'మా లోకమే పోయింది' అంటే, లోకం ఉంది కదా అని ఎవరూ దిద్దరు. అనువాదం ఆ దుఃఖాన్ని సరిచేయకూడదని నా అభిప్రాయం. మూర్‌హెడ్ కార్యక్రమం గురించి వ్యాసంలో రాయండి, పేరులోకి మాత్రం తేవద్దు.

'మూగబోయిన' వాడాల్సిన ఫిబ్రవరి 3 ఇంకొకటి ఉంది. 1975లో అదే తేదీన కైరోలో ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ చనిపోయారు. అరబ్బులు ఆమెని 'తూర్పు నక్షత్రం' అని పిలుచుకునేవారు. నెల మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ రేడియోలో వస్తుంటే దేశదేశాల అరబ్బులు ఇళ్ళలో, కాఫీ దుకాణాల్లో కూర్చుని వినేవారు. ఒక్క పాటే గంట దాటి సాగేది. అంతిమయాత్రకి లక్షలాది జనం వచ్చారు. అక్కడ పోయింది ఒక గొంతు, దశాబ్దాలు మోగిన గొంతు. 'గానం మూగబోయిన రోజు' ఆమెకి అతికినట్టు సరిపోతుంది.

లండన్‌లో రికార్డులు చేసిన జో మీక్ ఇంటి యజమానురాలిని కాల్చి, తనని తాను కాల్చుకున్నది కూడా 1967 ఫిబ్రవరి 3నే. ఆయన హాలీ అంటే పడిచచ్చేవాడు కాబట్టి చాలామంది ఈ రెండూ కలిపి రాస్తారు. నేనైతే కలపను. ఒక స్త్రీ హత్యకి పాట పేరుతో విషాద సౌందర్యం తగిలించినట్టవుతుంది.

అడిగినవారు

'పాట చనిపోయిన రోజు' ఖాయం చేసుకున్నాను. ఉమ్ కుల్సూమ్ పేరాకి 'మూగబోయిన' వాడుతున్నాను, పీటర్సన్ పేరు మొదటి వాక్యంలోకే తెచ్చాను. ఒక్క సందేహం, 'రోజు' బదులు 'రాత్రి' అనాలా?

జవాబు

'రోజు' ఉంచండి. కచేరీ ఫిబ్రవరి 2 రాత్రి, విమానం కూలింది అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో. శిథిలాలు కనబడింది తెల్లవారాకే. 'రాత్రి' అంటే పాఠకులు 2వ తేదీ అనుకునే అవకాశం ఉంది.