తడవదా, తలవదా? పోతన తల్లి పద్యం గురించి

వరిమడి:
అమ్మ సంవత్సరీకం వచ్చే నెలలో. బంధువులకు పంచే చిన్న పుస్తకంలో పోతన తన తల్లి లక్కమాంబను గురించి చెప్పిన కందం వేద్దామనుకున్నాం. అమ్మ బడి మొహం చూడలేదు. ఊళ్ళో భాగవతం చదువుతుంటే విని పట్టుకున్న పద్యాలే ఆమెవి. "నడవదు నిలయము వెలువడి, తలవదు పరపురుషు గుణము" అని చదివేది. అన్నయ్య "తడవదు" అంటాడు. చివరి పాదం నాకు రానే రాదు. ఏది సరి?

ఛందోమిత్ర:
తడవదు. ఇందులో రెండో మాట లేదండీ.
నడవదు నిలయము వెలువడి
తడవదు పరపురుషు గుణముఁ దనపతి నొడువుం
గడవదు వితరణ కరుణలు
విడువదు లక్కాంబ విబుధ విసరము వొగడన్
నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం డకారమే. "తలవదు" అంటే అక్కడే ప్రాస తెగిపోతుంది.

పాతప్రతి:
ప్రాస సరే, అర్థం కూడా అటే చూపుతోంది. ఇక్కడ తడవడం తాకడం కాదు, మాటల్లోకి తేవడం. "ఆ పాత సంగతులు ఇప్పుడు తడవకండి" అని నేటికీ అంటున్నాం కదా. పరాయి మగవాడి ఊసు ఆమె నోట రాదు, భర్త నోట వచ్చిన మాట దాటదు. తడవదు, నొడువు రెండూ నోటికి సంబంధించినవే. తలపు తెచ్చి పెడితే ఆ జోడు చెడుతుంది.

కృష్ణాతీరం:
అమ్మగారు పొరపాటు పడ్డారని అంత తేలికగా అనలేను. మాట పైది, తలపు లోపలిది. విని నేర్చుకున్న మనిషి పద్యాన్ని ఇంకొంచెం లోపలికి తీసుకువెళ్ళింది. అది అలా ఉంచితే, నన్ను వేధించేది "నొడువు". "నోరు నొవ్వంగ హరికీర్తి నుడువఁడేని" అన్న పోతన ఇక్కడ "నొడువు" అని ఎందుకన్నట్టు? ఇది కూడా నుడువే అయి ఉండాలి.

ఛందోమిత్ర:
రెండూ వాడుకలో ఉన్న రూపాలే. ఆ పాదంలో యతి "తడవదు"కూ "దనపతి"కీ పడింది, నొడువు దానికి అవతల ఉంది. నొ అయినా ను అయినా లఘువే. కాబట్టి ఛందస్సు ఏ పక్షమూ వహించదు.

జొన్నచేను:
కృష్ణాతీరంగారు ఎత్తిన పద్యం చివర చూడండి: "కలుగనేటికిఁ దల్లుల కడుపుచేటు". శివుణ్ణి పూజించని, హరిని కీర్తించని, దయా సత్యమూ తలపని కొడుకు తల్లికి కడుపుచేటట! ఈ మాట అన్నవాడి తల్లి ఎలాంటిదో అదే భాగవత పీఠికలో ఇంకో పద్యంలో ఉంది. "సదాశివపాదయుగార్చనానుకంపానయవాగ్భవానికిని, బమ్మెర కేసయ లక్కసానికిన్". తల్లి శివపూజ, అన్న తిప్పన "ఈశ్వరసేవాకాముఁడు", తమ్ముడికి పలికించేవాడు రామభద్రుడు. హరిహరుల మధ్య గోడ కట్టని ఆ గుణం పోతనకు లక్కమ్మ ఇంట్లోనే అబ్బిందని నేను గట్టిగా నమ్ముతాను. పుస్తకంలో ఈ ఉత్పలమాల వేయండి.

వరిమడి:
"లక్కసాని" అని అచ్చు వేస్తే ఊళ్ళో వేరేగా అనుకుంటారేమోనని భయం.

పాతప్రతి:
భయం వద్దండీ. సాని స్వామిని నుంచి వచ్చిన మాట. ఆనాడు గౌరవంగా పిలిచే పిలుపు. దొరసానిలో, మంత్రసానిలో ఆ మర్యాద ఇంకా మిగిలే ఉంది. మాటకు తర్వాత పట్టిన మసిని పోతన తల్లికి పూయకూడదు. ఆయన అదే పద్యంలో "ముద్దుసానికి" అని కూడా అన్నాడు. కన్నతల్లిని ఒక కొడుకు అలా అనడం చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

కృష్ణాతీరం:
నా అభ్యంతరం వేరు. పొలానికి వెళ్ళిన తల్లికి "నడవదు నిలయము వెలువడి" పొసగుతుందా?

వరిమడి:
నేనూ అదే అనుకున్నాను. అమ్మ నాట్లకు వెళ్ళింది, కోతలకు వెళ్ళింది, నాన్న మంచాన పడ్డాక మడికి నీళ్ళు కట్టడానికి రాత్రిపూట లాంతరు పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. అయినా ఈ పద్యం ఆమెకు ఇష్టం. వాకిట్లో ఎవరైనా వచ్చి నిలబడితే సోలెడు బియ్యం వాళ్ళ జోలెలో పోస్తూ గొణుక్కునేది. "వితరణ కరుణలు విడువదు" దగ్గర ఆపి, సోల అడుగున అరచేత్తో ఒకసారి తట్టి, గింజ మిగలలేదని చూసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆ తర్వాతి మాటలు ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. చివరి పాదం నాకు రాకపోవడానికి కారణం అదే.

జొన్నచేను:
అయితే మీరూ అక్కడి దాకానే అచ్చు వేయండి.

ఛందోమిత్ర:
కందాన్ని నాలుగో పాదం మొదటి మాట దగ్గర తుంచడం నాకు మనస్కరించదు. పైగా "వొగడన్" ఎంత బాగుందో చూడండి, "విసరము" తర్వాత పకారం వకారమైంది. అచ్చులో "పొగడన్" అని దిద్దకండి.

వరిమడి:
అమ్మ గొంతు ఉంటుందేమోనని ఫోనులో వెతికాను. గజేంద్రమోక్షం పద్యాలు రెండు దొరికాయి. ఇది లేదు. అన్నయ్య "తడవదు" అనే వేయమంటున్నాడు. అచ్చుకు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులుంది.

కృష్ణాతీరం:
నాలుగు రోజులుంటే నొడువు సంగతి కూడా తేల్చుకోవచ్చు. పాత ముద్రణ ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆ పుట ఫోటో తీసి పెట్టండి.