పొరుగు దేశాలకు మనం చేసే సాయం ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ మునుగుతోంది?

సీలేరు_గట్టు: శ్రీలంకలో 1990 నంబరుకి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితంగా వస్తుంది. 2016లో మన 76 లక్షల డాలర్ల గ్రాంటుతో, 88 బండ్లతో రెండు ప్రావిన్సుల్లో మొదలుపెట్టారు. మన 108 పద్ధతే, సిబ్బందికి శిక్షణ కూడా హైదరాబాద్‌లోనే ఇచ్చారు. తర్వాత దేశమంతటికీ పెంచి 297 చేశారు. 2018లో వాళ్ల పార్లమెంటే చట్టం చేసి సొంత ఫౌండేషన్ పెట్టుకుంది. అదే మన సాయంతో బీహార్‌లోని జయనగర్ నుంచి నేపాల్‌లోని కుర్తా దాకా వేసిన రైలు లైను చూడండి, రైలు బండ్లు 2020 సెప్టెంబరులోనే చేరినా, నడిపే మనుషులూ నిబంధనలూ సిద్ధంగా లేక 2022 ఏప్రిల్ దాకా కదల్లేదు. రేపు దీన్ని ఎవరు నడుపుతారో తేల్చుకోకుండా రిబ్బన్ కత్తిరిస్తే ఇంతే.

పాలమూరు_పెద్దోడు: అంబులెన్సు గ్రాంటు కాబట్టి ఆ ముచ్చట చెప్తున్నవ్ అన్నా. భూటాన్ సంగతి చెప్పు. మనం చుఖా జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టినప్పుడు 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. పునాత్సాంగ్‌ఛు-1 జలవిద్యుత్ ప్రాజెక్టుకి వచ్చేసరికి 60 శాతం అప్పే, అదీ 10 శాతం వడ్డీకి. దీన్ని సాయం అంటారా?

సీలేరు_గట్టు: ఆ కరెంటు కొనేది మనమే కదా. వాళ్లకు పెద్ద రాబడి అదే. అక్కడ దెబ్బ కొట్టింది వడ్డీ కాదు, 2013లో డ్యాం దగ్గర కుడి గట్టు కొండ జారడం. 2008లో మొదలైన పని ఇంకా పూర్తి కాలేదు.

పాలమూరు_పెద్దోడు: ఎవరు కొంటే ఏంది, అప్పు అప్పే. ఇంకో మాట. మా బావమరిది ఆ దేశంలోనే ఒక సొరంగం పనికి పోయిండు. రాత్రి షిఫ్టు, బూట్లలోకి నీళ్లు, పైనుంచి మట్టి పెళ్లలు. ఆఖరికి సబ్ కాంట్రాక్టరు లెక్క చూపకుండానే జారుకున్నడు, ఐదు నెలల కూలి పోయింది. ప్రాజెక్టు ఆలస్యమంటే పేపర్లో ఒక అంకె, మావోడికి పిల్ల ఫీజు. సాయం పేరుతో బాగుపడేది మన కాంట్రాక్టర్లే.

ఊరికే_చదువరి: కూలి ఎగ్గొట్టేవాడు నిజామాబాద్‌లోనూ ఉంటాడు బ్రో, దానికి విదేశాంగ విధానం ఎందుకు

పాలమూరు_పెద్దోడు: నీ ఇంట్లోంచి పోతే తెలుస్తది.

విశాఖ_సాయంకాలం: మీరంతా అసలు సంగతి వదిలేశారు. 2022లో శ్రీలంక దివాళా తీస్తే దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకున్నాం. అదే ఏడాది ఆగస్టులో చైనా వాళ్ల ఉపగ్రహాల్నీ క్షిపణుల్నీ కనిపెట్టే యువాన్ వాంగ్-5 నౌకను, మనం ఆందోళన చెప్పినా, హంబన్‌టోట రేవుకు రానిచ్చారు. మన పన్నుల డబ్బు తిని మనకే చెయ్యి చూపిస్తే ఇంకా ఇవ్వడం దేనికి?

సీలేరు_గట్టు: ఆ 400 కోట్లలో చాలావరకు అప్పులు, కరెన్సీ స్వాప్ (తిరిగి ఇచ్చే షరతు మీద డాలర్లు సర్దడం), చెల్లింపు గడువు వాయిదా. మీరు దానం చేసినట్టు మాట్లాడుతున్నారు. అసలు అంబులెన్సులు వచ్చినప్పుడే ఆ పేరుతో ఇండియా దూరుతోందని అక్కడ కొందరు గోల చేశారు. ఇచ్చిన ప్రతిసారీ విధేయత లెక్కలు అడిగితే ఆ అనుమానాన్ని మనమే నిజం చేసినట్టు.

విశాఖ_సాయంకాలం: అనుమానం ఉన్నవాళ్లకు సాయం ఎందుకండీ, మా రోడ్డు గుంతలు పూడ్చండి ముందు. లెక్క అడిగితే తప్పా? మీకు దేశం కన్నా పక్కింటి పరువు ముఖ్యమైనట్టుంది.

సీలేరు_గట్టు: దేశభక్తి సర్టిఫికెట్లు వద్దు. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. సాయం దేనికి, బండి ఆగకుండా తిరగడానికా, వాళ్లు మన మాట వినడానికా? మాట వినడానికైతే రైలు ఎవరు నడిపినా మీకు ఒకటే, ప్రారంభోత్సవం ఫోటో చాలు.

విశాఖ_సాయంకాలం: అవును, మాట వినడానికే. చైనా ఏమన్నా పుణ్యానికి ఇస్తోందా? మనం మాత్రం సన్యాసులమా?

సీలేరు_గట్టు: సరే, ఇప్పుడు తేలింది మన గొడవ ఎక్కడో. 2022 జూన్‌లో మందులు దొరకని రోజుల్లో ఆ 1990 సర్వీసుకే 3.3 టన్నుల వైద్య సామగ్రి పంపాం. నౌక వచ్చింది ఆగస్టులో. మీ లెక్కన ఆ మందులు వెనక్కి తెచ్చుకోవాలి.

పాలమూరు_పెద్దోడు: మందులు గ్రాంటా, అప్పా? అది చెప్పు ముందు.