ఈ వారం సమస్య: “నీటిపైన సాగె నేఁడు బండి”

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారమండి. సమస్య అంటే వింతగా కనపడే ఒక పాదం, ఆ వింత విడిపోయేలా మిగతా మూడు పాదాలూ రాయడం పూరణ. ఈ వారం ఇస్తున్నది ఆటవెలది నాలుగో పాదం.

నీటిపైన సాగె నేఁడు బండి

బండి అంటే సైకిలే, మోటారు బండి కాదు, ముందే చెప్పేస్తున్నా. పద్యంలో సైకిలు గానీ, తొక్కేవాళ్ళు వేసుకునే బట్టలు గానీ, సైకిల్ షాపు గానీ ఏదోటి కనపడాలి, ఊరు మాత్రం మన గోదావరి డెల్టాలోనే ఉండాలి. కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా, బేసి పాదాల్లో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇంగ్లీషు మాటలు వాడుకోండి, అడ్డు లేదు, టైరు బ్రేకు గేరు ఇవన్నీ గలాలు (గురువు, లఘువు), పెడలు నగణం (మూడు లఘువులు), హెల్మెట్టు మాత్రం తగణం (రెండు గురువులు, ఒక లఘువు) కాబట్టి బేసి పాదాల చివరి రెండు గణాల్లోనే ఇముడుతుంది, దాన్ని సరి పాదంలో కుక్కితే గణభంగమే.

పంటుబండి, నరసాపురం:
ఆయ్, మా రేవు సమస్యే ఇచ్చారండీ, పంటంటే బళ్ళని ఏరు దాటించే పెద్ద పడవండి. ఇదిగోండి.

పంటుమీద నెక్కి బండితో నిలిచితి
గట్టు దూరమాయె గాలి వీచె
తొక్కకుండ నేను తూర్పు తీరముఁ జేర
నీటిపైన సాగె నేఁడు బండి

నిర్వాహకుడు:
బావుందండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు వశిష్ఠ గోదావరి దాటడం అంటే నిజంగానే తూర్పుకి దాటడం, ఆ దిక్కు సరిగ్గా పడింది. “తొక్కకుండ” అన్న ఒక్క మాటతో సమస్యలో వింత విడిపోయింది, పూరణలో చెయ్యాల్సిన పని అదే. “మీద నెక్కి” దగ్గర మాత్రం కొంచెం ఆగాను, ఎక్కడం మీదికి గానీ మీద కాదు కదా. “పంటుమీఁది కెక్కి” అంటే గణాలూ కదలవు, అన్వయమూ కుదురుతుంది. ఇంకోటి, పద్యంతో సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను, పంటు మీద సైకిల్ని స్టాండు వేసి వదిలెయ్యకండి, అవతల ఒడ్డు తగిలినప్పుడు వచ్చే కుదుపుకి పడిపోతుంది, బ్రేకు పట్టుకుని పక్కనే నిలబడాలి.

పంటుబండి, నరసాపురం:
“మీఁది కెక్కి” చేసేశానండి. బ్రేకు సంగతి మాకు చెప్పాలాండీ, మోటారు బండ్ల మధ్య ఇరుక్కుని నిలబడేది మేమే.

ధవళగిరి, రాజమండ్రి:
మనకి వంతెన ఉండగా పంటు ఎందుకండి.

కాటను దొర కట్టి కాచిన వంతెన
దారిఁ బట్టి పోవ ధవళగిరికి
క్రింద నదము పాఱ గిఱ్ఱున మీఁదుగా
నీటిపైన సాగె నేఁడు బండి

నిర్వాహకుడు:
వంతెన పూరణలు చాలా వచ్చాయి, నాకు ప్రైవేటుగా పంపినవి కూడా ఎక్కువ అవే, అందుకే వాటన్నిటికీ కలిపి ఇక్కడే చెప్తున్నా. వంతెన మీద వెళ్తే నీటిపైన వెళ్ళడం వింత కాదు, రోజూ జరిగేదే, కాబట్టి సమస్య విడిపోదు, అసలు సమస్యే లేకుండా పోతుంది. రెండోది, కాటన్ 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేసింది ఆనకట్ట. ఇవాళ మనం తొక్కుకుంటూ పోయేది తర్వాత కాలంలో కట్టిన బ్యారేజీ, దానికి ఆయన పేరు పెట్టారు అంతే. కాబట్టి మొదటి పాదం చరిత్రకి నిలవదు. మూడో పాదం మాత్రం ధాటిగా ఉంది, “గిఱ్ఱున” దగ్గర చక్రం తిరగడం వినపడింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఉంటుంది బ్యారేజీ, మధ్యలో లంకలు, నీళ్ళు వస్తాయి పోతాయి మళ్ళీ వస్తాయి. అది రాయండి ధవళగిరి గారూ, ఆ దారిలో తొక్కే మీకు తప్ప ఇంకెవరికీ తట్టదు.

కాలవగట్టు, పి.గన్నవరం:
అక్విడక్టు మీద రాద్దామనుకున్నానండి, నది మీంచి కాలవ పోవడం కంటే వింత ఇంకేముంటుంది, కానీ మాటని గణాల్లో ఒదిగించలేక కాలవ దగ్గరే ఆగిపోయాను.

కాల్వగట్టుమీఁదఁ గదలితి నుదయాన
ఎండ పడఁగ నీట నెదురు దోఁచె
కొబ్బరులను దాటి కూడి నా నీడతో
నీటిపైన సాగె నేఁడు బండి

తణుకు తమ్ముడు:
నీడ ఐడియా సూపర్ అన్నా.

నిర్వాహకుడు:
ఐడియా నిజంగానే మంచిది. పొద్దున్నే గట్టు మీద తొక్కేవాళ్ళందరూ చూసే ఉంటారు, ఎండ ఏటవాలుగా ఉన్నంతసేపూ మన నీడ కాలవలో మనతోపాటే వస్తుంది, గుర్రపుడెక్క అడ్డం వచ్చినచోట ముక్కలై మళ్ళీ నీళ్ళు కనపడగానే అతుక్కుంటుంది. కానీ రెండో పాదంలో తోచింది ఏది? కర్త లేదు. “ఎండ పడఁగ బింబ మెదురఁ దోఁచె” అని చూడండి, యతి ఎ-కి ఎ, చెడలేదు, తోచింది బింబం అని తేలిపోయింది. అక్విడక్టు మాట పెద్దదే గానీ ఊరి పేరు గన్నవరము ఒక గలం, ఒక నగణం, రెండు సూర్యగణాల్లో హాయిగా కూర్చుంటుంది, అక్కడి గోదావరి పాయ వైనతేయ రెండు గలాలు, అదీ సూర్యగణాల చోట సరిపోతుంది. ఇంకోటి ప్రయత్నించండి.

డెల్టా పెడలు, భీమవరం:
మా వీధి సంగతి.

చినుకు చినుకు పెరిఁగి చెరువయ్యె వీథియే
పచ్చకోటుఁ దొడిగి బైలుదేఱ
మట్టి కాచుకొనఁగ మడ్‌గార్డు నాకుండ
నీటిపైన సాగె నేఁడు బండి

కాలవగట్టు, పి.గన్నవరం:
“మడ్‌గార్డు” తగణమేనాండీ? మడ్ దగ్గర పొల్లు ఉంది కదా.

నిర్వాహకుడు:
తగణమే. పొల్లు ముందున్న మ-ని గురువు చేస్తుంది, గా గురువు, ర్డు లఘువు. బైలుదేఱ వ్యావహారికం, గ్రంథభాష పట్టింపు ఉన్నవాళ్ళు ఒప్పుకోరు, నేను ఒప్పుకుంటా. అసలు చిక్కు మూడో పాదంలో, “మట్టి కాచుకొనఁగ” అంటే మట్టికి మనం కాపలా ఉన్నట్టు వస్తోంది, మీరనుకున్నది మట్టి నుంచి కాచుకోవడం. “మట్టి నాపఁజాలు మడ్‌గార్డు నాకుండ” అంటే సరిపోతుంది.

పచ్చకోటు బాగా పట్టారు. ముసురులో నల్ల రెయిన్‌కోటు వేసుకుని తొక్కేవాళ్ళని చూస్తే నాకు భయం, వెనక వచ్చే లారీవాడికి కనపడరు. మెరిసే పసుపుపచ్చో నారింజో వేసుకుని, వెనక రిఫ్లెక్టరు పట్టీ ఉన్నది కొనుక్కోవాలి, సోకు కూడా అదే. ఇంకోటి, నీళ్ళు ఇరుసు దాకా వచ్చే చోట తొక్కితే హబ్బులోకీ పెడలు ఇరుసులోకీ నీళ్ళు దూరి గ్రీజు పాడవుతుంది, వాన వెలిశాక షాపులో విప్పించి శుభ్రం చేయించి కొత్త గ్రీజు పెట్టించండి, లేకపోతే బాల్స్ కరకరలాడతాయి.

తణుకు తమ్ముడు:
నాది మొదటి పద్యం, చూసి చెప్పండి. పాత గేరు సైకిలు కొన్నా, అంతర్వేది ట్రిప్పు కొట్టొచ్చాక చైను తుప్పు పట్టేసింది.

గొలుసు తుప్పు పట్ట గొల్లుమంటిని నేను
షాపు వాఁడు చూపె సొగసు లెన్నొ
చమురు చుక్క లిడఁగఁ జక్రాలు మురిసెను
నీటిపైన సాగె నేఁడు బండి

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యానికే నాలుగు పాదాల్లో గణాలన్నీ సరిపోయాయి, అది చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది, ష-కి స చెల్లుతుంది గానీ ఆ-కారానికి ఒ-కారం చెల్లదు. “షాపు వాఁడు చూపె సరకు లెన్నొ” అను. ఇక పెద్ద లోపం, చమురు వేశాక బండి నీటిపైన ఎందుకు సాగింది? చెప్పలేదు. నువ్వనుకున్నది హాయిగా జారిపోయిందని, అది పోలికగా రావాలి. మూడో పాదం ఇలా మార్చి చూడు, “చమురు చుక్క లిడఁగ జారెడు పడవగా”. ఇప్పుడు కింద పాదం కలిపి చదువు, సమస్య విడిపోయింది కదా.

సముద్రం పక్కన ఉప్పుగాలికి చైను ఊరికే తుప్పు పడుతుంది, అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళొచ్చిన రోజే తుడవాలి. పొడిగుడ్డతో మురికంతా లాగేసి, పెడలు వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క, కాసేపాగి పైన మిగిలింది మళ్ళీ తుడిచెయ్యాలి, తడిగా వదిలేస్తే ఇసక అంటుకుని పళ్ళు అరిగిపోతాయి. చుక్క అన్నావు చూడు, అది సరైన మాట, ధార కాదు.

ధవళగిరి, రాజమండ్రి:
తమ్ముడి పద్యంలో షాపు ఉంది గానీ షాపులో జరిగేది లేదండి. మా ఊళ్ళో ఒక పాత మెకానిక్ ఉన్నాడు, చక్రం వంకర తీసేటప్పుడు స్టాండులో పెట్టి తిప్పుతాడు, బ్రేకు రబ్బరు ఎక్కడ రాసుకుంటోందో చూస్తాడు, ఆ చోట స్పోకుల్ని వేలితో మీటి చప్పుడు వింటాడు, వదులుగా ఉన్నది బొంగురుగా పలుకుతుంది, దానికి చిన్న చావితో పావు తిప్పు, మళ్ళీ తిప్పి చూడ్డం. కొత్త షోరూములో మెరిసే సరుకుంది, ఆ వేలు లేదు. అది పద్యం కావాలి.

నిర్వాహకుడు:
నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. మీరే రాయాలి.

కొబ్బరాకు, అమలాపురం:
ఆలస్యమైంది, ఏమనుకోకండి. ఆడవాళ్ళ సైజు జెర్సీలు మా వైపు షాపుల్లో దొరకవు, మగవాళ్ళవి భుజాల దగ్గర జారిపోతాయి, అందుకని బట్ట మీద బొమ్మ అచ్చు వేయించి దర్జీ చేత కుట్టించుకున్నా, వెనక మూడు జేబులతో సహా.

జెర్సి వెన్నుమీఁదఁ జిత్ర మచ్చొత్తితి
అలలు నాల్గు గీసి యందు నిలిపి
దర్జి కుట్టి యియ్యఁ దనివితోఁ దొడిగితి
నీటిపైన సాగె నేఁడు బండి

తణుకు తమ్ముడు:
అక్కా, అదిరింది. ఫొటో పెట్టు.

డెల్టా పెడలు, భీమవరం:
బావుంది గానీ అక్కా, అచ్చు వేసిన బొమ్మ కదలదు కదా, “సాగె” ఎలా?

నిర్వాహకుడు:
భీమవరం గారి ప్రశ్న న్యాయమైనదే. తొడుక్కుందని ఉంది గానీ తొక్కిందని లేదు. “దర్జి కుట్టి యియ్యఁ దనివిఁ దొడిగి పోవ” అంటే చివరి గణాలు నల (నాలుగు లఘువులు), సల (రెండు లఘువులు, గురువు, లఘువు), యతి పదిలం, ఇప్పుడు ఆవిడ వెళ్తోంది కాబట్టి వీపు మీది అలలూ బొమ్మా కూడా సాగాయి.

ఆ సవరణతో ఈ వారం నా మనసుకి పట్టిన పూరణ ఇదే, ఎందుకో చెప్తా. మొదటి మూడు పాదాల్లో బండి అన్న మాటే లేదు. అలలు గీసింది, వాటి మీద ఏదో నిలిపింది, ఏం నిలిపిందో చెప్పకుండా ఖాళీ వదిలింది, ఇచ్చిన పాదంలో బండి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. మిగతా పద్యాల్లో సమస్య చివర అతికినట్టుంది, ఇందులో సమస్య లేకపోతే పద్యమే నిలబడదు. పైగా వెన్ను మీద అనడం, వెనక తొక్కేవాళ్ళకి కనపడేది అదే, గుంపులో వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.

కొబ్బరాకు, అమలాపురం:
థాంక్సండి, సవరణ తీసుకున్నా. బట్ట గురించి ఒక మాట. మా పక్కనే బండారులంక నేత, నూలు కట్టుకోవడానికి దాన్ని మించింది లేదు, కానీ తొక్కేటప్పుడు నూలు చెమట పీల్చి అలాగే బరువుగా ఒంటికి అతుక్కుపోతుంది, అందుకని జెర్సీకి పల్చటి పాలిస్టరు తీసుకున్నా. తొక్కడం అయ్యాక కాలవ ఒడ్డున టీకి ఆగినప్పుడు మెడలో వేసుకునే కండువా మాత్రం బండారులంకదే. ఇంకోటి, ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొన్న అమ్మాయిలూ అబ్బాయిలూ, లోపల ఇంకేం వేసుకోకూడదు, అతుకులు ఒరుసుకుని పుండు పడుతుంది. షాపుల్లో మొహమాటపడి ఎవరూ చెప్పరు.

పంటుబండి, నరసాపురం:
అక్కా, ఆ జెర్సీ వేసుకుని పంటెక్కితే నా పద్యం నీ పద్యం రెండూ ఒకేసారి అయిపోతాయి. సఖినేటిపల్లి దాకా రా, అక్కడ కలుద్దాం.

నిర్వాహకుడు:
ఈ చర్చ శనివారం రాత్రిదాకా తెరిచే ఉంటుంది, ధవళగిరి గారి మెకానిక్ పద్యం కోసం చూస్తున్నా, తమ్ముడు ఇంకోటి రాయాలి. తర్వాతి సమస్య కూడా ఇప్పుడే ఇచ్చేస్తున్నా, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే, ఇందులో మాత్రం సైకిల్ షాపు తప్పకుండా ఉండాలి.

గాలి లేని బండి గాలిఁ బోయె