అప్‌డేట్: కెటిల్ అడుగున తెల్లపొర పోయింది

బోరు నీళ్లు కాచే స్టీలు కెటిల్ అడుగున పేరుకున్న తెల్లపొర ఎంత తోమినా పోవట్లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పని చేసింది నిమ్మ ఉప్పే (సిట్రిక్ యాసిడ్). సగం కెటిల్ నీళ్లలో రెండు చెంచాలు వేసి మరిగించి, స్విచ్ ఆపి అరగంట వదిలేశాను. పొర దానంతటదే కరిగిపోయింది, పీచుతో రుద్దే పనే పడలేదు. తర్వాత మామూలు నీళ్లు ఒకసారి కాచి పారబోశాను.

ఆ పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, పులుపుకే లొంగుతుంది. వంటసోడాతో ఏమీ కాలేదు. వెనిగర్‌లో సోడా కలిపితే బాగా పొంగుతుంది గానీ, ఒకదాని బలాన్ని ఒకటి తీసేస్తుంది. క్యాండిల్ ఫిల్టర్ మార్చినా లాభం ఉండదు, అది నీటి కఠినత్వాన్ని, అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లాంటి లవణాలను, తగ్గించదు.

కుళాయిల మీది తెల్ల మరకలకీ నిమ్మ ఉప్పే వాడాను, బాగా పోయాయి. మార్బుల్ మీద మాత్రం పడనివ్వకండి, మెరుపు పోతుంది.