పారాకార్డ్ కొరడా అల్లిన, కానీ టప్‌మని పగలట్లే. చేసినోళ్లు చెప్పండి

మూసీఒడ్డు:
అందరికీ నమస్తే. రెండు నెలల నుంచి ఆరడుగుల కొరడా ఒకటి అల్లుతున్న. 550 పారాకార్డ్ (పారాచూట్లకి వాడే తీరు సన్న నైలాన్ తాడు), పైన 12 పాయలు. హ్యాండిల్‌కి ఎనిమిదించుల ఇనుప చువ్వ, దానికి కట్టి ఒక తాడు, దాని మీద నాలుగు పాయల అల్లిక, దాని మీద డైరెక్ట్‌గా 12. చూస్తే మంచిగనే ఉంది గని విసిరితే తడి బట్ట దులిపినట్టు చప్పుడు. మధ్యల ఒక దగ్గర బొప్పి కట్టింది. పాయలు యాడ తగ్గించాలె, లోపల బరువు పెట్టాల్నా, హైదరాబాద్‌ల మంచి కార్డ్ యాడ దొరుకుతది, హ్యాండిల్ అడుగున గుండు ముడి ఎట్ల ఎయ్యాలె? ఈ నాలుగు చెప్పండన్నా.

కాకినాడ_వల:
ముందు ఆ కార్డ్ నైలానో కాదో చూసుకో తమ్ముడూ. నేను ఆన్‌లైన్‌లో 550 అని రాసుంటే వంద మీటర్లు తెప్పించా, ఆరెంజ్ రంగు, వారం రోజులు అల్లాక ముళ్లన్నీ జారిపోతున్నాయి, ఏంటా అని ఒక ముక్క బకెట్లో పడేస్తే తేలింది! నైలాన్ మునుగుద్ది, పాలీప్రొపిలీన్ తేలుద్ది, వల పని చేసేవాడికి ఎవడికైనా తెలుసు, అయినా నేనే మోసపోయా. అసలు 550 అయితే నాలుగు మిల్లీమీటర్ల మందం, లోపల ఏడు పోగులు ఉండాలి, కోసి లెక్కపెట్టుకో. ఇక బరువంటావా, వలకి కట్టే సీసం గుళ్లు ఉంటాయి కదా, కార్డ్‌లో పోగులు లాగేసి ఆ గొట్టంలోకి ఎక్కించు, మొదటి సగం దాకా చాలు. హార్బర్ దగ్గర షాపుల్లో కిలోల లెక్కన అమ్ముతారు.

జడకుచ్చులు:
సీసం వద్దండీ దయచేసి. కొరడా ఊరికే వంగుతూ ఉంటుంది, లోపల గుళ్లు ఒకదానికొకటి రాసుకుని బూడిదరంగు పొడి వస్తుంది, అది పై అల్లికలోంచి చేతికి అంటుకుంటుంది. మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు, నేను చేసిన మొదటిదాంట్లో సీసమే పెట్టా, విప్పి చూశాక భయమేసి మొత్తం పారేశా. రెండు నెలల పని. స్టీల్ బాల్స్ వాడండి, సైకిల్ షాపులో చిన్న సైజువి దొరుకుతాయి.

కాకినాడ_వల:
మూడు తరాలుగా మా ఇంట్లో సీసం గుళ్లు వలకి కడుతున్నాం, మా నాన్నకి డెబ్బై ఆరేళ్లు, నిక్షేపంలా ఉన్నాడు. భయపెట్టకండి జనాన్ని.

జడకుచ్చులు:
మీ నాన్నగారు చల్లగా ఉండాలి. కానీ సీసం పిల్లల మెదడుకి ఎంత చెడ్డదో డాక్టర్ని అడగండి, పెట్రోల్లోంచి తీసేసింది ఎందుకు మరి? వల నీళ్లలో ఉంటుంది, ఇది చేతిలో ఉంటుంది, తేడా లేదా?

కాకినాడ_వల:
స్టీలు సీసం కన్నా తేలిక. అదే బరువు రావాలంటే లావు చెయ్యాలి. లావైతే గాలి ఆపేస్తుంది. మీరు చేసింది ఎంత దూరం పగిలింది చెప్పండి ముందు.

బ్రిస్బేన్_బావ:
అసలు బరువెందుకు సార్? నేను పదకొండేళ్లుగా క్వీన్స్‌లాండ్‌లో ఉంటున్నా, ఇక్కడ పశువుల్ని తోలేవాళ్ల దగ్గర స్టాక్‌విప్ నేర్చుకున్నా. దానికి హ్యాండిల్ వేరు, తాడు వేరు, రెండిట్నీ చిన్న తోలు ముక్కలతో మడత బందులా కలుపుతారు. కంగారూ తోలు అయితే పల్చగా కోసినా తెగదు, దాని బరువే దానికి సరిపోతుంది, సీసం లేదు స్టీలూ లేదు. 24 పాయలు అల్లినవాణ్ణి చెప్తున్నా, నైలాన్ నేర్చుకోడానికి ఓకే, అంతవరకే.

కాకినాడ_వల:
ఆయన అడిగింది పారాకార్డ్ గురించి. కంగారూలు మా గొల్లప్రోలులో దొరకవు.

గుంతకల్లు_గిత్త:
మీరంతా కొరడా కొరడా అంటాండారు గానీ మా తావున ఇది చెర్నాకోల. మా తాత గోగునార నానబెట్టి చెక్కు తీసి ఆరబెట్టి తొడ మీద పేనేవాడు, చివరికి వచ్చేకొద్దీ ఒక్కో పోగు వదిలేసేవాడు, ఆఖర్న కుచ్చు మాత్రం ఉండేది. ఎద్దు మీద ఒక్క దెబ్బ పడనిచ్చేవాడు కాదు. బండి ఎక్కి గాల్లో ఒక్క తిప్పు తిప్పితే పక్క చేన్లో కాకులు లేచేవి, ఆ సప్పుడుకే గిత్తలు నడిచేవి. పేనడం రానోళ్లు అల్లడం మొదలుపెడితే ఇట్లే బొప్పులు కడతాయి.

జడకుచ్చులు:
పేనడం వేరు, అల్లడం వేరు అండీ. పేనితే పోగులు మెలితిరుగుతాయి, పురి వదిలితే విప్పుకుంటాయి. అల్లిక అట్లా విప్పుకోదు. మా అమ్మమ్మ పూలజడలు వేసేది, ఆవిడ చేతిలో నేర్చుకున్నదే నాకు దీనికి పనికొచ్చింది: పాయ తిప్పేటప్పుడు కాదు, తిప్పాక రెండు చేతులా ఒకే లాగుతో లాగాలి. పొద్దున ఒక లాగు, రాత్రి అలసిపోయాక ఒక లాగు అయితే ఆ అతుకు దగ్గరే బొప్పి. నవీన్ గారో ఎవరో, అడిగినాయన, మీరు ఆ చోట పని ఆపి మర్నాడు మొదలుపెట్టారా?

మూసీఒడ్డు:
అవునక్కా, గాడనే ఆపిన!! నా పేరు నవీన్ కాదు గని మీరు చెప్పింది కరెక్ట్.

ఒంటికన్ను_జాగ్రత్త:
ఎవరూ చెప్పట్లేదు, నేను చెప్తా. కళ్లద్దాలు పెట్టుకోండి. పోయినేడు మేడ మీద విసురుతుంటే చివరి పోగు వెనక్కొచ్చి కనుబొమ్మ చీల్చింది, మూడు కుట్లు పడ్డాయి. ఇంకో అర అంగుళం కిందైతే కన్నే.

పాతబస్తీ_తాళ్లు:
కార్డ్ కోసం బేగంబజార్ పో భాయ్, తాళ్ల దుకాణాలల్ల చేత్తో పట్టి చూసి కొనుక్కోవచ్చు. నిప్పు ముట్టించి చూడు, నైలాన్ కరిగి గట్టి పూసలెక్క అయితది. పసుపు రంగుది తీస్కో, బోనాలకి పోతరాజుకి గూడ ఇయ్యొచ్చు.

లష్కర్_బోనం:
అన్నా తప్పు మాట్లాడకు. పోతరాజు పట్టేది ఈరగోల. అది లావుగ పేనిన తాడు, పసుపు రాసి పూజ చేసి పడతరు. నైలాన్‌ది ఎట్లిస్తవ్? మా పెదనాయిన పోతరాజు ఎత్తిండు, ఆయన చేతిల చూసిన, అది సప్పుడు కోసం సన్నగ చేసేది కాదు. ఆటకి అల్లుకునేది అల్లుకోండి, గది వేరు, గిది వేరు.

పాతబస్తీ_తాళ్లు:
సారీ అన్నా, తెల్వక అన్న.

చప్పుడు_లెక్క:
ఇంతసేపూ బరువు మీద కొట్టుకున్నారు గానీ అసలు సంగతి సన్నబడటం. చేతి దగ్గర ఇచ్చిన ఊపు ఒక మెలికలా ముందుకు పోతుంది, ముందుకు పోయేకొద్దీ కదలాల్సిన బరువు తగ్గుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. టప్ అనేది ధ్వని వేగం దాటినప్పుడు వచ్చే చప్పుడు, 20 డిగ్రీల గాల్లో సెకనుకి దాదాపు 343 మీటర్లు. 2002లో అరిజోనా యూనివర్సిటీలో గోరియెలీ, మెక్‌మిలన్ అనే ఇద్దరు లెక్క కట్టి ఆ చప్పుడు కొస నుంచి కాదు, ఆ మెలిక నుంచి వస్తుందని చూపించారు. మీ కొరడా ఒకే లావుతో చివరిదాకా పోతే వేగం ఎక్కడ పెరుగుతుంది?

నేను చేసే పద్ధతి చెప్తా. స్టీల్ బాల్స్ నింపిన గొట్టం మొదటి సగం దాకా. దాని మీద నాలుగు పాయల అల్లిక, గొట్టం అయిపోయాక ఇంకో అడుగు. గట్టిగా దారంతో చుట్టి టేప్. దాని మీద ఎనిమిది పాయలు, ఇంకొంచెం ముందుకి. ఒక్కో పొర అయ్యాక రెండు చెక్కల మధ్య పెట్టి దొర్లించాలి, ఈ పని తప్పించుకోవద్దు, లోపల చిన్న గుంత ఉన్నా పై పొరలో కనబడుతుంది. లోపలి పొరలకి పాయల్లోంచి పోగులు తీసేస్తే పల్చగా పడుకుంటాయి. పైన 12 పాయలు హ్యాండిల్ దాటిన అడుగు నుంచి రెండేసి చొప్పున లోపలికి తోసేస్తూ, ఎదురెదురు వైపుల నుంచి ఒక్కోటి, చివరికి ఆరు మిగలాలి. తర్వాత రెండడుగుల ఒంటి తాడు, దాని కొసకి నైలాన్ దారంతో పేనిన ఆరేడు అంగుళాల కుచ్చు. మీరు ఎనిమిది పాయల పొర అసలు వెయ్యలేదు. పైగా 12 కి 12 చివరిదాకా పోనిచ్చారు, అవునా?

మూసీఒడ్డు:
అవునన్నా, ఒక్కటి గూడ తగ్గించలే.

బ్రిస్బేన్_బావ:
మేం తోలుని వెడల్పే తగ్గించి కోస్తాం, పాయల్ని తోసెయ్యడం కంటే అది శుభ్రం. కార్డ్‌లో ఆ వీలు లేదు, అదే నేను మొదటినుంచీ చెప్పేది.

చప్పుడు_లెక్క:
తోలులో కూడా పొడుగు కొరడాలకి పాయలు తగ్గిస్తారండీ. వెడల్పు ఒక్కటే చాలదు.

గుంతకల్లు_గిత్త:
ఒక్కో పోగు వదిలెయ్యాలని మా తాత లెక్కలు లేకుండానే చేసేవాడు, నేను ముందే చెప్పినా, ఎవరూ పట్టించుకోలే.

కాకినాడ_వల:
మైనం ఎవరైనా పడుతున్నారా? పారఫిన్‌లో కొంచెం వాసెలిన్ కలిపి కరిగించి ముంచితే బరువూ వస్తుంది, నీళ్లూ పట్టవు. పొయ్యి మీద డైరెక్ట్‌గా పెట్టొద్దు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి.

జడకుచ్చులు:
ఇది బావుంది. మైనం నేనూ పడతా.

మూసీఒడ్డు:
పది రోజులకి వచ్చిన. మొత్తం విప్పిన, కార్డ్ బకెట్‌ల ఏసిన, మునిగింది, బతికిన. స్టీల్ బాల్స్ పెట్టి, ఎనిమిది పాయల పొర ఏసి, పైన పాయలు తగ్గించుకుంట పోయిన. నిన్న సాయంత్రం మా ఊరి చెరువు కట్ట మీద అద్దాలు పెట్టుకొని విసిరితే మూడోసారికి పగిలింది, అవతల ఒడ్డు మీద బర్లు తల ఎత్తినయ్. అందరికీ దండాలు. హ్యాండిల్ కింద గుండు ముడి మాత్రం ఎవరూ చెప్పలే, ఇప్పటికి టేప్ చుట్టి పెట్టిన.

లష్కర్_బోనం:
టేప్ ఎండకి జారిపోతది తమ్మీ. చెరువు ఏ ఊర్ది?